లక్కపిడతలు ఎవరికి?

కిందటి డిసెంబరు రెండో వారంలో పూర్ణా మార్కెట్ దగ్గర ఒక బొమ్మల దుకాణానికి వెళ్లాను. మా అన్నయ్య కూతురికి, అంటే నా మేనకోడలికి, రెండేళ్లు నిండాయి. ఊహ తెలిశాక పాప చూడబోయే మొదటి క్రిస్మస్ అది. ఏదైనా మంచి బొమ్మ కొనాలని నా ఆశ. దుకాణం అతను పిల్ల వయసెంతో అడగలేదు. ఎంతలో కావాలో కూడా అడగలేదు. "పాపా, బాబా?" అన్నాడు. పాప అనగానే కుడివైపు అరల దగ్గరికి తీసుకెళ్లాడు. అక్కడంతా గులాబి రంగు. చిన్న గ్యాస్ స్టవ్, చిన్న కుక్కర్, మిక్సీ, ఇస్త్రీపెట్టె, అద్దం, దువ్వెన, పాలసీసా నోట్లో పెడితే కళ్లు మూసే పాపాయి. ఎడమవైపు అరల్లో లారీలు, క్రేన్లు, ఓడలు, పొక్లెయిన్లు. మా ఊరి రేవులో, ఉక్కు కర్మాగారంలో రోజూ కదిలేవన్నీ ఆ వైపే ఉన్నాయి. వంటింట్లో ఉండేవన్నీ ఈ వైపే ఉన్నాయి. మధ్యలో రెండడుగుల నడవ.

ఏమీ కొనకుండా ఇంటికి వచ్చాను. నాయనమ్మ మంచం మీద కూర్చుని ఉంది. ఎనభై దాటిన మనిషి. సంగతి విని తేలిగ్గా తేల్చేసింది.

"గుంటకి లక్కపిడతలు కొనీయే. ఆడపిల్ల సేతిలో అయే బాగుంటాయి."

"ఇప్పట్నుంచే దాని చేతికి గిన్నెలెందుకు నాయనమ్మా? పెద్దయ్యాక ఎలాగూ తప్పదు కదా."

"నీకూ కొన్నాడు మీ అయ్య. నువ్వేటి, వొంట నేర్సుకున్నావా?"

ఇంట్లో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కానీ ఆ సంభాషణ అక్కడితో ఆగలేదు. వారం రోజులపాటు మా ఇద్దరి మధ్యా తగువుగా సాగింది. సాహిత్యంలో పరిశోధన చేసి, స్త్రీల శ్రమ గురించి తరగతుల్లో పాఠం చెప్పే నేను, బడి ముఖం చూడని నాయనమ్మకి జవాబు చెప్పలేకపోయాను. ఈ వ్యాసం ఆ తగువులోంచి వచ్చింది.

*

ముందుగా క్రిస్మస్ సంగతి. మా ఇళ్లలో క్రిస్మస్ అంటే కొత్తబట్టలు, ఇంటి ముందు కట్టిన స్టారు, అరిసెలు, అర్ధరాత్రి దాకా తిరిగే కేరల్ రౌండ్స్, తెల్లారి ఆరాధన. పిల్లలకి బొమ్మలివ్వడం అందులో లేదు. పైగా మేము బాప్టిస్టులం. మా సంఘంలో 'బొమ్మ' అన్న మాటే కొంచెం అనుమానం కలిగించేది. బొమ్మ అంటే విగ్రహం. బొమ్మలకి మొక్కకూడదని ఆదివారం బడిలో నేర్చుకున్నాం. ఎదురింటి వాళ్లు సంక్రాంతికి బొమ్మల కొలువు పెడితే పేరంటానికి వెళ్లేవాళ్లం కాదు, గుమ్మంలోంచి తొంగిచూసేవాళ్లం. ఒక్క మాటలో ఆటవస్తువూ, దేవుడి ప్రతిమా, పుస్తకంలో చిత్రమూ, అందమైన ఆడపిల్లా ఇమిడిపోవడం తెలుగులో ఉన్న చిత్రం. మగపిల్లవాణ్ని ఎంత ముద్దుగా ఉన్నా 'బొమ్మలా ఉన్నాడు' అనడం అరుదు. ఆడపిల్లని అనకపోవడం అరుదు.

విశాఖపట్నానికి ప్రొటెస్టెంట్ మిషనరీలు వచ్చి రెండు వందల ఏళ్లు దాటింది. లండన్ మిషనరీ సొసైటీకి చెందిన జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ 1805లో ఇక్కడికి చేరారు. ఆనందరాయర్ అనే బ్రాహ్మణ క్రైస్తవుడి సాయంతో సువార్తలను తెలుగు చెయ్యడం మొదలుపెట్టారు. ఆ ఇద్దరు మిషనరీలూ అయిదారేళ్లలోనే చనిపోయారు. వారి అనువాదం 1812లో శ్రీరాంపూరులో అచ్చయింది. ఈ రోజు మనం చూస్తున్న క్రిస్మస్‌ని, అంటే చెట్టూ చెట్టు కింద పిల్లల కానుకలూ ఉన్న క్రిస్మస్‌ని, వాళ్లు తెచ్చి ఉండరు. అప్పటికి అది ఇంగ్లండులోనే లేదు. విక్టోరియా రాణి కుటుంబం అలంకరించిన చెట్టు చుట్టూ నిలబడిన చిత్రాన్ని ఒక లండన్ పత్రిక 1848లో అచ్చు వేశాకే మధ్యతరగతి ఇళ్లలోకి ఆ అలవాటు పాకింది. క్రిస్మస్ పిల్లల పండగగా, బొమ్మల పండగగా మారడం పందొమ్మిదో శతాబ్దపు మార్కెట్టు చేసిన పని.

ఆ బొమ్మలు ఎక్కడ తయారయ్యేవి? మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు ఐరోపా, అమెరికాల పిల్లలు ఆడుకున్న బొమ్మల్లో చాలా భాగం జర్మనీలో తురింజియా కొండల్లోని సోనెబర్గ్ చుట్టుపక్కల పేద ఇళ్లలో తయారైనవి. తల్లులూ పిల్లలూ రాత్రిళ్లు దీపాల కింద కూర్చుని ముక్కకింతని తలలు అచ్చు పోసేవారు, చేతులు అతికేవారు, బట్టలు కుట్టేవారు. అలాంటి బొమ్మల్లో కొన్ని, మిషన్ల ఆడవాళ్ల సంఘాలు గౌన్లు కుట్టి తొడిగి పంపిన పెట్టెల్లో, మన దేశంలోని మిషన్ బడులకు కూడా వచ్చేవి. క్రమం తప్పకుండా బడికి వచ్చిన ఆడపిల్లలకి క్రిస్మస్ నాడు బహుమానంగా ఇచ్చేవారు. తెల్లటి ముఖం, నీలి కళ్లు. అక్షరంతోపాటు అందం కొలతనీ అందించిన బహుమానం అది. అయినా ఒక సంగతి మరిచిపోలేను. ఏ వస్తువునీ తనదని చెప్పుకోవడానికి వీల్లేని ఇంటి పిల్లకి, తన పేరు పిలిచి, నలుగురి ముందు, తనకే అని ఇచ్చిన మొదటి వస్తువు కూడా అదే అయి ఉంటుంది.

*

నాయనమ్మ కోరిన లక్కపిడతల దగ్గరికి వస్తాను. వాటి ఊరు ఏటికొప్పాక. వరాహ నది ఒడ్డున, యలమంచిలి దగ్గర ఉంది. 2022 ఏప్రిల్ దాకా విశాఖపట్నం జిల్లాలో ఉండేది, ఇప్పుడు అనకాపల్లి జిల్లాలో ఉంది. తగువు తెమలక, మూడో రోజున బస్సెక్కి యలమంచిలిలో దిగి, ఆటోలో ఆ ఊరు వెళ్లాను.

అక్కడి బొమ్మలకి వాడేది అంకుడు కర్ర. తేలికగా, మెత్తగా, గీతలు కనబడకుండా ఉండే కర్ర. ఎండబెట్టిన ముక్కను తిరిగే యంత్రానికి బిగించి ఉలితో రూపు తీస్తారు. తర్వాత రంగు కలిపిన లక్క కడ్డీని తిరుగుతున్న కర్రకు అదిమిపెడతారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రను పట్టుకుంటుంది. చివర మొగలి ఆకుతో రుద్దితే మెరుపు వస్తుంది. కుంచె లేదు, ఆరబెట్టడం లేదు. రంగు కర్రకి చర్మంలా అంటుకుపోతుంది. ఒకప్పుడు ఈ రంగులు చెట్ల నుంచే వచ్చేవి. తర్వాత చవక రసాయనాలు వచ్చి వాటిని తరిమేశాయి. పిల్లలు నోట్లో పెట్టుకునే వస్తువుల మీద ఆ రసాయనాలు ఎంత ప్రమాదమో గుర్తించి, పసుపు, నీలి, జాఫ్రా గింజలు వంటివాటితో మళ్లీ రంగులు తీయడానికి సి.వి. రాజు అక్కడి కళాకారులతో కలిసి దశాబ్దాలపాటు పనిచేశారు. 2023లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఏటికొప్పాక బొమ్మలకి 2017లో భౌగోళిక గుర్తింపు దక్కింది. 2025 గణతంత్ర దినోత్సవ కవాతులో రాష్ట్ర శకటం మీద ఊరేగాయి కూడా.

నేను వెళ్లిన ఇంట్లో యంత్రం ముందు కూర్చున్నది ఒక ఆడమనిషి. చేతిలో ఉలి, చీర కొంగు నడుముకు దోపి ఉంది, ముంజేతి నిండా కర్రపొట్టు. ఆమె తీస్తున్నది లక్కపిడతలే. కుండ, మూత, చెంబు, గిన్నె, రోలు, తిరగలి. కరెంటు రాకముందు ఈ పనికి ఇద్దరు కావలసి వచ్చేది. ఒకరు ఉలి పట్టుకుంటే, కర్ర తిరగడానికి ఇంకొకరు తాడు లాగాలి. ఉలి పట్టినవాడు కళాకారుడు. తాడు లాగినవాళ్ల పేరు ఏ చరిత్రలోనూ లేదు. "ఇయ్యి ఆడపిల్లలకే కొంతారా అమ్మా?" అని నేను అడిగితే ఆమె తల ఎత్తకుండానే అంది: "కొనీవోలు అలా కొంతారు. సేసీవోలికి అన్నీ కర్రే."

తిరిగి వస్తుంటే ఆటో ఎస్. రాయవరం వైపు దారి చూపించే బోర్డు దాటింది. గురజాడ అప్పారావు పుట్టిన ఊరు. ఏటికొప్పాక కూడా ఆ మండలంలోదే. కన్యాశుల్కం రాసిన మనిషి పుట్టిన చోటూ, లక్కపిడతలు పుట్టిన చోటూ పక్కపక్కనే ఉన్నాయని నాకు అంతవరకూ తట్టనేలేదు.

1897లో కన్యాశుల్కం అచ్చయినప్పుడు గురజాడ దానికి ఇంగ్లీషులో ఒక ముందుమాట రాశారు. అంతకు పదేళ్ల కిందట విజయనగరం మహారాజు ఆనంద గజపతి విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో జరిగిన కన్యాశుల్కం పెళ్లిళ్లకు ఒక జాబితా తయారు చేయించారని అందులో చెప్పారు. శుల్కం పుచ్చుకున్నామని ఒప్పుకోవడం ఎవరికీ ఇష్టం ఉండదు కాబట్టి ఆ జాబితా పూర్తిది కాదు. అయినా లెక్క 1034కి చేరింది. అందులో 99 మంది పిల్లలకి అయిదేళ్లు. 44 మందికి నాలుగేళ్లు. 36 మందికి మూడేళ్లు. ఆరుగురికి రెండేళ్లు. ముగ్గురికి ఏడాది. ఆ ఏడాది పిల్లల ధర ఒక్కొక్కరికి 350 నుంచి 400 రూపాయలు.

ఈ అంకెలు తరగతిలో చాలాసార్లు చదివి వినిపించాను. ఈసారి మాత్రం 'ఆరుగురికి రెండేళ్లు' దగ్గర ఆగిపోయాను. రెండేళ్ల పిల్ల ఎలా ఉంటుందో ఇప్పుడు నాకు తెలుసు. రెండు మాటలు కలిపి చెబుతుంది. చెప్పు కుడిఎడమలు మార్చి వేసుకుంటుంది. నిద్ర వస్తే ఏడుస్తుంది. ఆ ఆరుగురు కూడా పీటల మీద నిద్రకి ఏడ్చే ఉంటారు. బొమ్మ ఎవరి చేతిలో ఉందో, బొమ్మ ఎవరో తేడా లేని పెళ్లి అది. మన ఆడపిల్లలు తరతరాలుగా ఆడిన బొమ్మల పెళ్లిళ్లు ఉత్త ఆట కాదు. పెద్దవాళ్లు తమతో ఆడుతున్న ఆటని పిల్లలు తిరిగి ఆడిన ఆట. తర్వాత రాసిన గేయకథలో గురజాడ ముసలివాడికిచ్చిన పూర్ణమ్మను పుత్తడిబొమ్మ అన్నారు. ఆ మాట లాలనగా మనం పాడుకుంటాం. దాని వెనక కొనడం, అమ్మడం ఉన్నాయి.

ఇంకో సంగతీ చెప్పాలి. ఆ జాబితా బ్రాహ్మణ కుటుంబాలది. మా ముత్తవ్వలు అందులో లేరు. మా పల్లెల్లో ఆడపిల్ల ఎన్నేళ్లకి పెళ్లయిందో, ఎన్నేళ్లకి కళ్లంలోకి దిగిందో లెక్క రాయించిన రాజు ఎవరూ లేరు.

*

స్త్రీవాదం బొమ్మల గురించి కొత్తగా మాట్లాడుతున్నదేమీ కాదు. సిమోన్ ద బోవా 1949లోనే, ఆడపిల్ల చేతికి బొమ్మనివ్వడం అంటే ఆమెను ఆమెకే ఒక వస్తువుగా చూపించడమని వివరించింది. అలంకరించాలి, ముద్దు చెయ్యాలి, తానూ అలాగే ఉండాలని పిల్ల నేర్చుకుంటుంది. 1957లో వచ్చిన 'మిథాలజీస్'లో రోలా బార్త్ ఫ్రెంచి బొమ్మలన్నీ పెద్దల ప్రపంచాన్ని చిన్నవి చేసి పిల్లల చేతికివ్వడమేనన్నాడు. పిల్లవాడు సృష్టికర్త కాకుండా వాడకందారు అయిపోతాడని, పాలు తాగి పక్క తడిపే బొమ్మ ఆడపిల్లని సంసారానికి సిద్ధం చెయ్యడానికేనని అతని విమర్శ. అంతా ఒప్పుకోదగిందే. కానీ అదే వ్యాసం చివర బార్త్ ప్లాస్టిక్కుని తిట్టి కర్రని పొగుడుతాడు. కర్ర వెచ్చనిది, విరగదు, పిల్లతోపాటు అరుగుతుంది అంటాడు. అక్కడ నాకు పేచీ వచ్చింది. మా జిల్లాలో తరతరాలుగా ఆడపిల్లకి ఇచ్చిన వంటిల్లు కర్రతో చేసిందే. చెట్ల రంగులద్దిందే. ప్లాస్టిక్ కుక్కర్‌ని వెక్కిరించి లక్కపిడతల్ని సంస్కృతి అని మెచ్చుకునే మన మధ్యతరగతి అభిరుచి కూడా ఇలాంటిదే. వస్తువు అందంగా ఉంటే అందులోని పని విభజన కనబడకుండా పోతుంది.

అలాగని ప్లాస్టిక్ చరిత్ర తక్కువ చేదుగా లేదు. 1993 మే 10న బ్యాంకాక్ దగ్గర కేడర్ బొమ్మల కర్మాగారంలో మంటలు లేచాయి. బయటికి వెళ్లే దారులు మూసి ఉన్నాయి. 188 మంది చనిపోయారు. ఎక్కువమంది పల్లెల నుంచి వచ్చిన యువతులు. వాళ్లు కుడుతున్నది దూరదేశాల పిల్లలకి మెత్తటి బొమ్మలు. సోనెబర్గ్ ఇళ్ల నుంచి బ్యాంకాక్ దాకా బొమ్మల చరిత్ర చదివితే ఒక సంగతి కనిపిస్తుంది. ఆడపిల్లకి ఇంటిపని నేర్పే బొమ్మని తయారుచేసినది, ఇల్లు వదిలి పనికి వెళ్లిన ఆడపిల్లే.

*

మా నాన్న మా ఇద్దరికీ బొమ్మలు కొన్నది ఒకే ఒక్క క్రిస్మస్‌కి. 1994. నాకు అయిదేళ్లు, అన్నయ్యకి ఎనిమిది. నాకు తాటాకు బుట్టలో లక్కపిడతలు, అన్నయ్యకి రేకు లారీ. నాన్న ఉక్కు కర్మాగారంలో పనిచేసేవాడు. ఆ ఉద్యోగం ఎలా వచ్చిందో చెప్పకుండా ఆ లారీ గురించి చెప్పలేను. 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' ఉద్యమంలో, 1966 నవంబరు 1న విశాఖలో జరిగిన కాల్పులతో కలిపి రాష్ట్రంలో 32 మంది ప్రాణాలు పోయాయి. 1971 జనవరిలో ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. కర్మాగారం కోసం 64 గ్రామాలు ఖాళీ అయ్యాయి. అందులో ఒకటి మాది. భూమి ఉన్నవాళ్లకి భూమికి పరిహారం. భూమి లేనివాళ్లకి ఇంటికింత. నిర్వాసితులమని చెప్పే ఆర్-కార్డు మా ఇంట్లో తాతయ్య పేర వచ్చింది, దాని మీద ఉద్యోగం నాన్నకి వచ్చింది. నాయనమ్మ పేర ఏ కాగితమూ రాలేదు.

అన్నయ్య లారీ అంటే నాన్న పని, నా లక్కపిడతలు అంటే అమ్మ పని. ఎవరూ ఆలోచించి కొన్నవి కావు. అలా కొనడమే సహజంగా ఉండేది, ఎందుకంటే చట్టం కూడా అలాగే ఉండేది. 1948 ఫ్యాక్టరీల చట్టం 66వ సెక్షన్ ప్రకారం ఆడవాళ్లని ఉదయం ఆరు నుంచి సాయంత్రం ఏడు లోపే పనిలో పెట్టుకోవాలి. మూడు షిఫ్టుల్లో రాత్రింబవళ్లు కాలే కొలిమి దగ్గర, రక్షణ పేరుతోనే, ఆడదానికి చోటు లేకుండా పోయింది. ఆ నిషేధం సడలింది ఇటీవలి సంవత్సరాల్లోనే. ఇక్కడ ఒక విచిత్రం. మా కర్మాగారంలో బ్లాస్ట్ ఫర్నేసులకి పేర్లు పెట్టారు. మొదటిది గోదావరి, రెండోది కృష్ణ, మూడోది అన్నపూర్ణ. అన్నం పెట్టే తల్లి పేరు కొలిమికి పెట్టుకున్నారు. అన్నం పెట్టే తల్లులు మాత్రం గేటు బయట, షిఫ్టు దిగి వచ్చేవాళ్ల కోసం క్యారేజీలు కట్టుకుంటూ ఉండిపోయారు.

ఇదంతా నాయనమ్మకి చెప్పాను. రెండేళ్ల పిల్లకి లారీ ఎందుకు కొనాలో, లక్కపిడతలు ఎందుకు వద్దో, నాకు తెలిసిన చరిత్రంతా చెప్పాను. ఓపిగ్గా విన్నది. తర్వాత తన సంగతి చెప్పింది.

నాయనమ్మకి ఆరేడేళ్లప్పుడు, అంటే 1950కి అటూ ఇటూగా, వాళ్లమ్మతో కలిసి ఊళ్లో ఒక పెద్ద రైతు ఇంటికి పనికి వెళ్లేది. పేడ తియ్యడం, కళ్లాపు చల్లడం, వడ్లు దంచడం. పెరడు దాకానే. వడ్లు దంచేది వీళ్లే అయినా బియ్యం లోపలికి వెళ్లాక వాటిని తాకకూడదు. వంటింటి గడప ఎలా ఉంటుందో నాయనమ్మకి తెలీదు. ఆ ఇంటి ఆడపిల్లలు అరుగు మీద లక్కపిడతలతో ఆడుకునేవారు. ఒకరోజు ఎర్ర కుండ ఒకటి దొర్లి కిందపడితే నాయనమ్మ తీసి అందించింది. ఆ పిల్ల తీసుకోలేదు. పెద్దావిడ వచ్చి దాని మీద నీళ్లు చల్లి, కర్రతో జరిపి లోపలికి తీసుకుంది. నాయనమ్మ ఆ తర్వాత కొబ్బరిచిప్పలతో, చిల్లపెంకులతో వంటాట ఆడుకుంది. ఇసక అన్నం, గులకరాళ్ల కూర.

"మీరంతా వొంటిల్లొగ్గీమంతారు. వొగ్గీడానికైనా ముందు ఉండాల కదేటే?" అంది.

నేను పాఠం చెప్పే పుస్తకాల్లో ఈ మాట లేదని కాదు. విమల 'వంటిల్లు' కవిత, 'నీలిమేఘాలు' సంకలనం మనకి వంటింటిని ఒక చెరగా చూడటం నేర్పాయి. అది అవసరమైన చూపు. ఆ తర్వాత గోగు శ్యామల సంపాదకత్వంలో వచ్చిన 'నల్లపొద్దు' వంటి పుస్తకాలతో దళిత స్త్రీలు, 'స్త్రీ' అన్న మాటలో మేమెక్కడ ఉన్నాం అని అడిగారు. ఆ చర్చ నేను పరీక్షల్లో రాశాను, సదస్సుల్లో పత్రాలు చదివాను. కానీ బొమ్మల దుకాణంలో గులాబి అర ముందు నిలబడినప్పుడు నాకు గుర్తొచ్చింది బోవా, బార్త్. మా నాయనమ్మ కాదు. ఏ వంటింట్లోంచి బయటపడాలని నేను అనుకుంటున్నానో, ఆ వంటిల్లు మా ఇంట్లోకి వచ్చి ఒక తరమే అయింది. అమ్మకది చాకిరీ. నాయనమ్మకి, తను ముట్టుకున్నదాని మీద ఎవరూ నీళ్లు చల్లని మొదటి చోటు. రెండూ నిజమే. లక్కపిడతల్లో పెత్తనం ఉందన్న నా వాదన తప్పు కాదు. అవి అందరు ఆడపిల్లలకీ ఒకే పాఠం నేర్పాయనుకోవడం తప్పు. అరుగు మీది పిల్లకి అవి రేపటి బరువు. పెరట్లోని పిల్లకి అవి అందని ఎత్తు.

*

చివరికి లక్కపిడతలు పాపకి కొనలేదు. కారణం సిద్ధాంతం కాదు, కొలత. మూడేళ్లలోపు పిల్లల బొమ్మల్లో నోట్లో పట్టేంత చిన్న విడిభాగాలు ఉండకూడదు. పరీక్షకి 31.7 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న చిన్న గొట్టం వాడతారు. ఏ ముక్కైనా పూర్తిగా అందులో దిగిపోతే, అది పిల్ల గొంతులోకీ దిగగలదని అర్థం. 2021 జనవరి నుంచి మన దేశంలో బొమ్మలకి ఐఎస్ఐ మార్కు తప్పనిసరి. భౌగోళిక గుర్తింపు ఉన్న హస్తకళలకి మినహాయింపు ఇచ్చారు. చిన్న కళాకారులు బతకడానికి అది న్యాయమే. అయితే ఆ మినహాయింపు వల్ల కొలత చూసుకునే పని కొనేవాళ్ల మీద పడింది. లక్కపిడతల మూతలు నా బొటనవేలి గోరంత ఉన్నాయి. వదిన ఒక్క చూపులో తేల్చేసింది, "మూడేళ్లు నిండాక చూద్దాం."

ఏటికొప్పాకలో ఆ రోజు రెండు కొన్నాను. పాపకి, తాడు కట్టి లాగే పెద్ద కర్రబండి. చక్రాలు ఊడనివి, అంచులు గుండ్రంగా ఉన్నవి చూసి తీసుకున్నాను. తాడు పొడుగ్గా ఉంటే మెడకి చుట్టుకుంటుందని ఇంటికొచ్చి జానెడు ఉంచి కత్తిరించాను. రెండోది తాటాకు బుట్టలో లక్కపిడతలు. అది నాయనమ్మకి.

క్రిస్మస్ నాడు ఆరాధన అయి వచ్చాక ఇచ్చాను. నాయనమ్మ ముందు తిట్టింది, ముసిల్దానికి బొమ్మలేటి, నలుగురూ నవ్వుతారని. తర్వాత ఒక్కొక్కటీ తీసి ఒళ్లో పెట్టుకుంది. ఎర్ర కుండ తీసి రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు చూసింది. చిన్న మూతలన్నీ ఏరి, పిల్ల నోట్లో పెట్టుకోకుండా, కొంగు చివర ముడేసుకుంది. పాప బండి లాక్కుంటూ వచ్చి, నాయనమ్మ ఒళ్లోంచి పెద్ద కుండ తీసుకుని బండిలో వేసింది. ఇంకోటి వేసింది. తిరగలీ రోలూ కూడా వేసి, ముందుగదిలోంచి వాకిట్లోకి లాక్కుపోవడం మొదలుపెట్టింది. ఎవరూ నేర్పలేదు. లారీ ఒకరిదనీ గిన్నెలు ఒకరివనీ దానికింకా తెలీదు.

మేమంతా నవ్వుతున్నాం. నాయనమ్మ నవ్వలేదు.

"ఊరు కాళీ సేసినప్పుడు ఇలాగే అట్టుకొచ్చాం," అంది. "కుండలు బండిలో ఎట్టి."

పాప వాకిట్లో బండి ఆపి, వెనక్కి తిరిగి, మిగతా గిన్నెల కోసం వచ్చింది.